పాలరాతి మీది పేర్లు

కొండరాయి మీద తేదీ ఉండదు. గాలీ వానా దాన్ని ఎప్పటినుంచి తింటున్నాయో, ఇప్పటికి ఎంత తిన్నాయో లెక్క కట్టాలంటే ఆధారం దొరకదు. సమాధి రాయి అలా కాదు. దాని మీద శిల్పి ఒక సంవత్సరం చెక్కి పెట్టాడు. మనిషి పోయిన ఏడాదే రాయి నిలబెట్టారని నమ్మకం లేకపోయినా, ఐదారేళ్ళు అటూ ఇటూగా ఆ రాయి ఎంతకాలంగా ఆరుబయట ఉందో చెప్పవచ్చు. ఈ చిన్న విషయాన్ని పట్టుకుని ఆర్చిబాల్డ్ గీకీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో నగరంలో పాత చర్చి ఆవరణలన్నీ తిరిగాడు. తాను చూసినదాన్ని 1880లో అక్కడి రాయల్ సొసైటీ ముందు పెట్టాడు. రాళ్ళు ఎలా శిథిలమవుతాయో సమాధుల సాక్ష్యంతో చెప్పిన తొలి శాస్త్రీయ రచనల్లో అది ఒకటి.

గీకీ చూసిన సమాధుల్లో ఒకటి జోసెఫ్ బ్లాక్‌ది. గ్రేఫ్రయర్స్ చర్చి ఆవరణలో ఉంది. బ్లాక్ 1799లో చనిపోయాడు. ఇసుకరాతి కట్టడంలో పెద్ద తెల్ల పాలరాతి పలకను పొదిగి, దాని మీద ఆయన గురించి చెక్కించారు. గీకీ వెళ్ళేనాటికి ఆ పలకకు ఎనభై ఏళ్ళు. అప్పటికే కొన్ని చోట్ల అక్షరాలు చదవడానికి వీల్లేకుండా పోయాయి. అదే ఊళ్ళో మంచి ఇసుకరాతి మీద చెక్కిన అక్షరాలు రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా చక్కగా ఉన్నాయి. ఖరీదైన రాయి ముందు పోయింది, మామూలు రాయి నిలిచింది.

బ్లాక్ ఎవరో తెలిస్తే ఈ సంగతి ఇంకా మనసుకు పడుతుంది. సున్నపురాయిని కాల్చినా, దాని మీద ఆమ్లం పోసినా ఒక వాయువు బయటికి వస్తుందనీ, అది మామూలు గాలి కాదనీ 1756లో అచ్చయిన తన పరిశోధనలో నిరూపించినవాడు ఆయనే. ఆనాడు ఆయన దానికి ‘బంధితమైన గాలి’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఈనాడు మనం కార్బన్ డయాక్సైడ్ అంటున్నాం. ఆయన పేరును రాతి మీద చెరిపిన పనిలో ఆ వాయువుకూ వాటా ఉంది.

పాలరాయి పుట్టుకలో సున్నపురాయే. సముద్రపు అడుగున పేరుకున్న సున్నపు పొరలు భూమి లోపల వేడికీ ఒత్తిడికీ గురై, కరగకుండానే కొత్త స్ఫటికాలుగా మారితే పాలరాయి అవుతుంది. ఖనిజం మాత్రం మారదు. రెండింటిలోనూ ఉన్నది కాల్షియం కార్బొనేట్, అంటే కాల్సైట్. ఖనిజాల గట్టిదనాన్ని పదికి లెక్కవేసే మోస్ కొలమానంలో కాల్సైట్ స్థానం మూడు. గ్రానైట్‌లోని క్వార్ట్జ్‌ది ఏడు. ఉలికి సులువుగా లొంగుతుంది, మెరుగు పెడితే వెలుగును కొంచెం లోపలికి తీసుకుని బయటికి పంపుతుంది. అందుకే శిల్పులు దాన్ని అంతగా ప్రేమించారు. ఆ మెత్తదనమే ఆరుబయట శత్రువైంది.

ఫ్యాక్టరీ పొగ ఏమాత్రం లేని చోట కూడా వాన నీరు కాస్త పులుపే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చినుకులో కరిగి బలహీనమైన కార్బోనిక్ ఆమ్లం తయారవుతుంది. దాని పీహెచ్ 5.6 దగ్గర ఉంటుంది. ఈ ఆమ్లం కాల్సైట్‌ను తాకినప్పుడు కరిగే బైకార్బొనేట్ పుడుతుంది, చినుకుతో పాటు జారిపోతుంది. బొర్రా గుహలను తొలిచింది ఈ చర్యే. సమాధి రాతి మీద అదే చర్య చాలా చిన్న స్థాయిలో, ప్రతి వానకూ జరుగుతుంది. మొదట మెరుగు పోతుంది. తర్వాత చేతితో తడిమితే గరుకు తగులుతుంది. ఆపైన అక్షరాల అంచులు గుండ్రబడతాయి.

ఇక్కడ కాస్త ఆగాలి. రాతి పైభాగం కరిగి కరిగి అక్షరం అడుగుదాకా వచ్చినప్పుడు పేరు చెరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. అక్షరం గాడి అడుగు కూడా పైభాగంతో పాటే కరుగుతూ ఉంటుంది. పోయేది అంచు. రాతి మీద అక్షరానికి రంగు తేడా ఉండదు. గాడి అంచు పదునుగా ఉంటే దాని నీడ లోపల పడుతుంది, ఆ నీడనే మనం చదువుతాం. అంచు గుండ్రబడితే నీడ పలచబడుతుంది. లోతు మిగిలి ఉన్నా కన్ను పట్టుకోలేదు. అంటే ఒక సమాధి రాతి చరిత్ర అంతా దాని పైన రెండు మూడు మిల్లీమీటర్లలోనే ఉంది. వాన తినేది ఆ పొరనే. సరిగ్గా తెలియక శుభ్రం చేసేవాళ్ళు అరగదీసేదీ ఆ పొరనే.

ఎడిన్‌బరోలో వాన ఒక్కటే ఉంటే బ్లాక్ పలక అంత త్వరగా పాడయ్యేది కాదు. ఆ ఊరి పొయ్యిలన్నీ బొగ్గుతో మండేవి. బొగ్గులో గంధకం ఉంటుంది. అది మండితే సల్ఫర్ డయాక్సైడ్, అది తేమతో కలిస్తే చివరికి సల్ఫ్యూరిక్ ఆమ్లం. రాబర్ట్ ఆంగస్ స్మిత్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు బ్రిటన్ పారిశ్రామిక నగరాల మీద కురిసే వానను పరీక్షించి, 1872లో వెలువడిన తన పుస్తకంలో దాన్ని ‘ఆమ్ల వర్షం’ అన్నాడు. పీహెచ్ కొలతలో ఒక్క అంకె తగ్గిందంటే ఆమ్లత పది రెట్లు పెరిగిందని అర్థం. 5.6 నుంచి 4.6కు దిగిన వాన పాలరాతికి మామూలు వాన కాదు.

సల్ఫ్యూరిక్ ఆమ్లం కాల్సైట్‌ను జిప్సంగా మారుస్తుంది. ఈ మార్పులో రెండు ప్రమాదాలున్నాయి. లీటరు నీటిలో కాల్సైట్ గ్రాములో నూరో వంతు పైచిలుకు కరిగితే, జిప్సం రెండు గ్రాములకు పైగా కరుగుతుంది. కాబట్టి వాన నేరుగా తగిలే చోట కొత్తగా పుట్టిన జిప్సం ఎప్పటికప్పుడు కొట్టుకుపోతుంది, కింద కొత్త కాల్సైట్ బయటపడుతుంది. రెండోది, అంతే కాల్సైట్ నుంచి పుట్టిన జిప్సం దాదాపు రెట్టింపు చోటు ఆక్రమిస్తుంది. వాన తగలని చోట, చూరు కిందా, చెక్కిన పువ్వుల ముడతల్లోనూ అది కొట్టుకుపోక పేరుకుంటుంది. బొగ్గు మసినీ బూడిద రేణువులనూ తనలో ఇముడ్చుకుని నల్లటి పెచ్చుగా గట్టిపడుతుంది. లోపల చోటు చాలక ఉబ్బుతుంది. ఒకనాడు తనకు అంటుకున్న రాతిని కూడా పట్టుకుని ఊడిపోతుంది.

దీనివల్ల కంటికి కనిపించేది అసలు సంగతికి తలకిందులుగా ఉంటుంది. పాత పాలరాతి సమాధిలో తెల్లగా, శుభ్రంగా కనిపించే భాగమే ఎక్కువ అరిగిన భాగం. నల్లగా ఉన్నచోట రాయి ఇంకా మిగిలి ఉండవచ్చు. తెల్లదనాన్ని ఆరోగ్యంగా భావించి నలుపు మీద యుద్ధం ప్రకటించేవాళ్ళు ఈ సంగతి ముందు తెలుసుకోవాలి.

1952 డిసెంబరులో లండన్‌ను కమ్మిన బొగ్గు పొగమంచు వేలమందిని చంపింది. ఆ దెబ్బతో 1956లో స్వచ్ఛమైన గాలి కోసం చట్టం వచ్చింది. అంతకు ముందు నూరేళ్ళకు పైగా లండన్ సమాధుల తోటలు ఆ పొగలోనే ఉన్నాయి. వాటిలో 1833లో తెరిచిన కెన్సల్ గ్రీన్ ఒకటి. తెలుగు నిఘంటువు కూర్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1884లో కన్నుమూసి అక్కడే ఖననమయ్యాడు. ఏ పేరైనా ఆ గాలిలో రాతి మీద నిలవాలంటే రాతి ఎంపిక ఎంత ముఖ్యమో ఆ తోటలో నడిచినవాళ్ళకు తెలుస్తుంది.

వానా పొగా లేకపోయినా పాలరాయి పాడవుతుంది. ఈ విషయం చాలా మందికి ఆశ్చర్యంగా ఉంటుంది. ఇక్కడ దోషి ఎండ.

కాల్సైట్ స్ఫటికాన్ని వేడి చేస్తే అది అన్ని వైపులా సమానంగా పెరగదు. ఒక దిశలో డిగ్రీకి పది లక్షల్లో సుమారు 25 వంతులు సాగుతుంది. దానికి అడ్డంగా ఉన్న దిశలో సుమారు ఐదు వంతులు కుంచించుకుపోతుంది. పాలరాయి అంటే ఇలాంటి లక్షల స్ఫటికాలు తలో వైపు తిరిగి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్న దిమ్మ. ఎండెక్కిన ప్రతిసారీ ఒకటి పక్కదాన్ని నెడుతుంది, మరొకటి తన పక్కదాని నుంచి విడివడుతుంది. చల్లబడితే అన్నీ సరిగ్గా మొదటి చోటికి రావు. అమెరికా ప్రమాణాల సంస్థలో పనిచేసిన డి.డబ్ల్యు. కెస్లర్ 1919లోనే ఈ సంగతి కొలిచి చూపాడు: వేడి చేసి చల్లార్చిన పాలరాయి మొదటి పొడవుకు తిరిగి రాక, కొంచెం పెరిగే ఉండిపోయింది. స్ఫటికాల మధ్య పట్టు సడలిన రాతిని వేలితో రుద్దితే పంచదార పలుకుల్లా రేణువులు రాలతాయి. రాళ్ళ పరిరక్షకులు ఈ జబ్బుకు ఆ పోలికతోనే పేరు పెట్టుకున్నారు.

పలచటి పలకలైతే ఏకంగా వంగిపోతాయి. గీకీ పాలరాతి శిథిలతలో మూడు రకాల మార్పులు గుర్తించాడు: పైపైన కరగడం, లోపల పొడి కావడం, వంగి పగలడం. గోడలో బిగించిన పలకలు మధ్యలో ముందుకు ఉబ్బి చీలడం ఆయన కళ్ళారా చూశాడు. ఎడిన్‌బరో వాతావరణంలో పాలరాయి నూరేళ్ళు కూడా నిలవదని తేల్చేశాడు. ఆ మాటను కట్టడాల వాళ్ళు పట్టించుకున్నారా అంటే లేదు. తొంభై ఏళ్ళ తర్వాత ఫిన్లండ్ రాజధాని హెల్సింకీలో ఆల్వార్ ఆల్టో రూపకల్పన చేసిన ఫిన్లాండియా హాలుకు ఇటలీ కరారా పాలరాతి పలకలు తొడిగారు. 1971లో పూర్తయింది. పలకలు వంగిపోయాయి. 1990ల చివర వాటిని తీసేసి మళ్ళీ కరారా పలకలే పెట్టారు. అవీ వంగాయి. ఇటీవల మూడోసారి, ఉత్తర ఇటలీలోని లాసా నుంచి తెచ్చిన పాలరాతితో మార్చారు. షికాగోలో 1970ల్లో లేచిన అమోకో ఆకాశహర్మ్యం కథ ఇంకా ఖరీదైనది. దానికి తొడిగిన కరారా పలకలు సుమారు 43,000. వాటన్నిటినీ 1990ల తొలి ఏళ్ళలో తీసేసి గ్రానైట్ పెట్టారు. ఎనిమిది కోట్ల డాలర్ల దాకా అయింది. చర్చి ఆవరణలో గీకీ ఉచితంగా చెప్పిన పాఠం అది.

మన ఎండలకు ఈ భాగం మరింత వర్తిస్తుంది. మే నెలలో మధ్యాహ్నం ఎండకు కాగి, సాయంత్రం హఠాత్తుగా పడ్డ వానకు చల్లబడే పలక ఒక్కరోజులో ఎంత సాగి ఎంత ముడుచుకుంటుందో ఊహించుకోవచ్చు. హైదరాబాద్ మక్కా మసీదు ఆవరణలో ఆసఫ్‌జాహీ పాలకుల పాలరాతి సమాధులకు పైన కప్పు ఉంది. కప్పు ఇచ్చే నీడ, వాన నుంచి రక్షణ, రెండూ ఆ రాతికి ఆయుష్షే.

ఇక జీవరాశి. నీడగా, తడిగా ఉండే చోట మొదట ఆకుపచ్చ పాచి పడుతుంది, తర్వాత నల్ల చారలు దిగుతాయి, ఏళ్ళు గడిస్తే లైకెన్లు గుండ్రటి మచ్చలుగా విస్తరిస్తాయి. లైకెన్ సన్నటి పోగులు స్ఫటికాల మధ్యకు దూరతాయి. అది వదిలే ఆక్జాలిక్ ఆమ్లం వంటివి రాతిని కొద్దికొద్దిగా తింటాయి. ఎండినప్పుడు దాన్ని గీకితే పోగులతో పాటు రాతి రేణువులూ వస్తాయి. గీకినవాళ్ళకు మచ్చ పోయిందనే తృప్తి మిగులుతుంది. రాతికి గుంత మిగులుతుంది.

సమాధులన్నిటిలోకీ పేరున్న పాలరాతి సమాధి తాజ్‌మహల్. రాజస్థాన్‌లోని మక్రానా రాయి అది. గట్టిగా, తక్కువ రంధ్రాలతో ఉండే రాయి కావడం దాని అదృష్టం. అయినా పచ్చబడింది. 1996 డిసెంబరు 30న సుప్రీంకోర్టు, న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో తీర్పిస్తూ, తాజ్ చుట్టూ ఉన్న ప్రాంతంలో బొగ్గు, కోక్ వాడే పరిశ్రమలు సహజవాయువుకు మారాలనీ, లేకపోతే తరలిపోవాలనీ ఆదేశించింది. తర్వాత 2014లో భారతీయ, అమెరికన్ శాస్త్రజ్ఞులు కలిసి చేసిన అధ్యయనంలో, రంగు మారడానికి గాలిలోంచి పడే దుమ్ము, చెత్తా కట్టెలూ మండితే వచ్చే కర్బన రేణువులు ప్రధాన కారణమని తేలింది. పురావస్తు శాఖ అక్కడ ముల్తానీ మట్టిని తడిపి రాతికి పట్టించి, ఆరనిచ్చి, శుద్ధమైన నీటితో కడుగుతుంది. మట్టి ఆరేటప్పుడు మురికిని తనలోకి లాక్కుంటుంది. అరగదీయడం లేదు, ఆమ్లం లేదు. పద్ధతి మంచిదే. గాలి మారనంతకాలం మళ్ళీ మళ్ళీ చేయాల్సి రావడమే దాని బాధ.

సమాధి కాకపోయినా, కాల్సైట్ రాయిని ఆరుబయట వదిలేస్తే ఏమవుతుందో తెలుగువాళ్ళు మరిచిపోకూడని ఉదాహరణ ఒకటుంది. అమరావతి స్తూపపు శిల్పాలు పల్నాటి సున్నపురాతివి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించి మద్రాసు చేర్చిన వాటిలో 121 రాళ్ళను 1859లో లండన్ పంపారు. అక్కడ వాటికి చోటు దొరకలేదు. థేమ్స్ ఒడ్డున సదర్క్‌లోని ఒక రేవు గిడ్డంగి దగ్గర అవి వాన పొగల మధ్య ఏడాదికి పైగా ఉండిపోయాయి. 1867లో కట్టడాల చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ వాటిని ఒక బండ్ల కొట్టంలో చూసి బయటి ప్రపంచానికి చెప్పాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. వాటి కోసం ప్రత్యేక గ్యాలరీ 1992లో గానీ తెరవలేదు. కృష్ణ ఒడ్డున శతాబ్దాలు మట్టి కింద భద్రంగా ఉన్న రాయికి లండన్ గాలిలో గడిపిన ఆ కొద్దికాలం మంచి చేయలేదు. ఇది రాతి తప్పు కాదు, దాన్ని పట్టించుకోని మనుషుల తప్పు.

రాయి ఎంత కరిగిందో కొలవడానికి సమాధులే ఒక చక్కటి సాధనం ఇచ్చాయి. పందొమ్మిదో శతాబ్దంలో పాలరాతి మీద అక్షరాలు చెక్కి, ఆ గాడిలో రంధ్రాలు పెట్టి, సీసాన్ని కొట్టి నింపడం ఒక పద్ధతి. పని పూర్తయ్యాక సీసం, రాయి ఒకే మట్టంలో ఉండేలా నునుపు చేసేవారు. సీసం వానకు కరగదు, పాలరాయి కరుగుతుంది. కాబట్టి ఈనాడు సీసపు అక్షరం రాతి కంటే ఎంత ఎత్తుగా ఉందో కొలిస్తే, ఆ సమాధి మీది తేదీ నుంచి ఇప్పటిదాకా ఎంత రాయి పోయిందో తెలుస్తుంది. నూరేళ్ళ రాతి మీద అక్షరం ఒక మిల్లీమీటరు లేచి ఉంటే, ఏడాదికి మిల్లీమీటరులో నూరో వంతు పోయినట్టు. విద్యార్థులు కూడా ఒక కొలిచే పరికరంతో చేయగల పని ఇది. వేర్వేరు ఊళ్ళలో ఇలా కొలిచి, ఎక్కడి గాలి ఎంత చెడ్డదో పోల్చినవాళ్ళు ఉన్నారు.

ఇప్పుడు సమాధుల తోటల్లో పాలరాయి తగ్గి గ్రానైట్ పెరిగింది. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే, లోపల బంగారు చుక్కలు మెరిసే నల్లరాయి దేశదేశాలకు వెళ్తోంది. గ్రానైట్‌ను వాన పులుపు కరిగించలేదు. అయితే దీనివల్ల పాత పాలరాతికి ఒక కొత్త ముప్పు వచ్చింది. గ్రానైట్ సమాధిని ఏదో ఒక ద్రవం పోసి రుద్దడానికి అలవాటుపడ్డ చేయి, అదే సీసాతో పక్కనున్న పాలరాతి మీదికి వెళ్తుంది.

నవంబరు 2న మన క్రైస్తవ కుటుంబాలు సమాధుల పండుగ జరుపుకుంటాయి. అంతకు ముందు వారం రోజులు సమాధుల తోటల్లో కడగడం, సున్నం వేయడం, రంగులు వేయడం జోరుగా సాగుతుంది. సిమెంటు సమాధికి సున్నం వేస్తే నష్టం లేదు. పాలరాతి పలక ఉంటే అక్కడ ఆగాలి. పోయినవాళ్ళ మీద ప్రేమతోనే చేస్తారు, సందేహం లేదు. ఆ ప్రేమ చేతిలో బాత్రూం యాసిడ్ సీసా ఉంటే మాత్రం ఇరవై ఏళ్ళ వాన చేయలేని పని ఒక్క ఉదయంలో అయిపోతుంది. యాసిడ్ పోయగానే బుసబుసమని నురగ వస్తుంది. అది మురికి వదులుతున్న నురగ కాదు. రాయి కరిగి కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తున్న నురగ. వెనిగర్, నిమ్మకాయ, ఇత్తడి గిన్నెలు తోమే చింతపండు కూడా ఆమ్లాలే, పాలరాతికి అవీ పనికిరావు. బ్లీచింగ్ పౌడర్, బట్టలు ఉతికే సబ్బు పొడులు వేరే రకంగా చెరుపు చేస్తాయి. వాటిలోని లవణాలు రాతి రంధ్రాల్లోకి దిగి, ఆరినప్పుడు స్ఫటికాలుగా పెరిగి లోపలినుంచి రాతిని విరగ్గొడతాయి. ఇనప తీగల బ్రష్షు, ఇసుక కాగితం, కార్లు కడిగే ప్రెషర్ పంపు, డ్రిల్లుకు తగిలించి తిప్పే బ్రష్షు, ఇవన్నీ ఆ రెండు మూడు మిల్లీమీటర్లను నేరుగా తీసేసేవే.

మరి ఏం చేయాలి? ముందు చూడాలి. రాతిని తాకకుండా, నాలుగు వైపులా తిరిగి చూడాలి. ఎక్కడైనా పగుళ్ళు, ఉబ్బిన పెచ్చులు ఉన్నాయా? రాయి ఒకవైపు ఒరిగిందా? వేలితో మెల్లగా రాస్తే రేణువులు రాలుతున్నాయా? వేలి కణుపుతో సున్నితంగా తడితే డొల్ల శబ్దం వస్తోందా? వీటిలో ఏది ఉన్నా ఆ రాతిని కడగకూడదు. రాళ్ళ పరిరక్షణ తెలిసినవాళ్ళకు చూపించాలి. ఒరిగిన నిలువు రాతిని ఒక్కరే నెట్టి నిలబెట్టాలనుకోవడం ప్రాణానికి కూడా ప్రమాదం. ఒక మాదిరి పలక కూడా వందల కిలోల బరువు ఉంటుంది.

రాయి గట్టిగా ఉందని తేలితే కావలసినవి చాలా తక్కువ: బోలెడన్ని మంచినీళ్ళు, మెత్తటి బ్రష్షు, ఓపిక. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువైతే అవి వద్దు, కుళాయి నీళ్ళో పట్టిన వాన నీళ్ళో మేలు. ఎండ ఎక్కకముందే పని ముగించాలి, కాగిన రాతి మీద చల్లటి నీళ్ళు కుమ్మరించకూడదు. ముందు రాతిని బాగా తడిపి కాసేపు నాననివ్వాలి. తర్వాత కింది నుంచి పైకి రావాలి. పైనుంచి మొదలుపెడితే మురికి నీళ్ళు పొడి రాతి మీద కారి చారలు పడతాయి. చిన్న భాగం తీసుకుని, మెత్తగా గుండ్రంగా తిప్పి, వెంటనే కడిగి, తర్వాత భాగానికి వెళ్ళాలి. అక్షరాల గాడుల్లోని పాచికి నానిన వెదురు పుల్ల చాలు. నల్ల పెచ్చును రుద్ది తీయాలని చూడకూడదు. దాని కింద రాయి మెత్తబడి ఉంటుంది, పెచ్చుతో పాటు అక్షరమూ వస్తుంది.

పాచీ లైకెన్లూ నీళ్ళకు పోకపోతే, రాళ్ళ కోసమే తయారైన జీవనాశకాలున్నాయి. ఆమ్లమూ బ్లీచూ లేని క్వాటర్నరీ అమోనియం రకాలు అవి. అమెరికాలో మాజీ సైనికుల తెల్ల పాలరాతి సమాధుల మీద ప్రభుత్వ పరిరక్షణ కేంద్రం పలు రకాల శుభ్రపరిచే ద్రవాలను ఏళ్ళ తరబడి పోల్చి చూసింది. వేర్వేరు వాతావరణాల్లో పరీక్షించాక ఈ రకం వైపే మొగ్గింది. ఇవి చల్లిన వెంటనే రాయి తెల్లబడదు. పాచి చచ్చి, వానలకు మెల్లగా కొట్టుకుపోతుంది, కొన్ని నెలలు పట్టవచ్చు. తొందరపడి బలంగా రుద్దడం కంటే ఆ నెలలు ఆగడం రాతికి మేలు. ఏటేటా కడగాల్సిన పని కూడా లేదు, కొన్నేళ్ళకోసారి చాలు. పండుగకు ప్రతిసారీ శుభ్రంగా కనిపించాలంటే చుట్టూ గడ్డి తీసి, ఆకులు ఊడ్చి, పూలు పెడితే సరిపోతుంది. గడ్డి కోసే యంత్రం తీగ మాత్రం రాతి అడుగుకు తగలనీయకూడదు. కొవ్వొత్తులు రాతి మీద కాకుండా పళ్ళెంలో వెలిగించాలి. కరిగిన మైనం రాతిలోకి దిగితే ఆ మచ్చ తేలిగ్గా వదలదు.

దుకాణాల్లో అమ్మే సీలర్లు, వార్నిష్‌లు పూయమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. ఆరుబయటి సమాధి రాతికి నేల నుంచి తేమ ఎక్కుతూనే ఉంటుంది. అది పైనుంచి ఆరిపోవాలి. దారి మూసేస్తే తేమ, దానితో వచ్చిన ఉప్పు పొర వెనకే చేరతాయి, కొన్నేళ్ళకు పొర రాతితో సహా లేస్తుంది. సిమెంటుతో అతుకు వేయడం కూడా ఇలాంటిదే. సిమెంటు పాలరాతికంటే గట్టిది, తేమను వదలనిది, ఉప్పులు ఉన్నది. విరిగేటప్పుడు అతుకు నిలిచి రాయే విరుగుతుంది. పాత కాలపు మేస్త్రీలు వాడిన సున్నపు గచ్చు మెత్తగా ఉండి ఒత్తిడిని తాను తీసుకుంటుంది, అదే సరైనది. పాత అతుకుల్లో ఇనప మేకులుంటే అవి తుప్పు పట్టి ఉబ్బి రాతిని చీలుస్తాయి. వాటి స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీలు వేయాలి. ఇది చేయి తిరిగినవాళ్ళు చేయాల్సిన పని.

పంచదారలా రాలుతున్న రాతిని మళ్ళీ గట్టిపరచవచ్చా? కొంతవరకు ఆశ ఉంది. 2011లో ఎన్రికో సస్సోని, సోనియా నాయుడు, జార్జ్ షెరర్ అనే పరిశోధకులు ఒక పద్ధతిని ప్రతిపాదించారు. శిథిలమైన రాతికి అమోనియం ఫాస్ఫేట్ ద్రావణం పట్టిస్తే, అది కాల్సైట్‌తో కలిసి హైడ్రాక్సీఅపటైట్ అనే ఖనిజాన్ని పుట్టిస్తుంది. మన పళ్ళలోనూ ఎముకల్లోనూ ఉండే ఖనిజం అదే. కాల్సైట్ కంటే తక్కువగా కరుగుతుంది, సడలిన స్ఫటికాల మధ్య వంతెనలు కడుతుంది. సున్నపు అతిసూక్ష్మ రేణువులను రాతిలోకి పంపే పద్ధతి కూడా వాడుకలో ఉంది. నల్ల పెచ్చులకైతే లేజర్ ఉంది. 1970ల తొలి ఏళ్ళలో జాన్ ఆస్మస్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు వెనిస్‌లోని రాతి శిల్పాల మీద దాన్ని ప్రయత్నించాడు. నల్లటి పెచ్చు వెలుగును పీల్చుకుని ఆవిరైపోతుంది, తెల్లటి రాయి చాలావరకు వెనక్కి పంపేస్తుంది. ఇవన్నీ ప్రయోగశాలలు, నిపుణుల చేతుల్లో ఉన్నవి. పోయిన అంచును తిరిగి తెచ్చేది వీటిలో ఏదీ లేదు. చెరిగిన అక్షరాన్ని మళ్ళీ ఉలితో చెక్కించడం కొందరు కోరుకుంటారు. అలా చేస్తే పాత శిల్పి చేతిరాత పోతుంది, మిగిలిన రాయీ తగ్గుతుంది. పక్కన చిన్న గ్రానైట్ పలక మీద అదే రాత రాయించి పెట్టడం మంచి దారి.

చెరిగినట్టు కనిపించే పేరును చదవడానికి సుద్ద పొడి పూయడం, గోధుమ పిండి రాయడం, షేవింగ్ క్రీం పట్టించడం, కాగితం వేసి పెన్సిలుతో రుద్దడం, వీటిలో ఏదీ వద్దు. పిండి రంధ్రాల్లో చేరి బూజును పెంచుతుంది, క్రీంలో ఆమ్లం ఉంటుంది, రుద్దితే బలహీనమైన రేణువులు రాలతాయి. నీడ పలచబడ్డప్పుడు నీడనే పొడవు చేయాలి. ఉదయమో సాయంత్రమో ఎండ పలకకు ఏటవాలుగా పడే వేళ వెళ్ళాలి. ఆ రాయి ఉత్తరం వైపు తిరిగి ఉండి ఎండ తగలకపోతే, ఇద్దరు కలిసి ఒక నిలువుటద్దంతో ఎండను పక్కనుంచి దాని మీదికి మళ్ళించాలి. పట్టపగలు ఏమీ కనిపించని పలక మీద ఒక్కసారిగా పేరు, సంవత్సరం బయటపడతాయి. కొంచెం కొంచెంగా కోణం మార్చుతూ ఫోటోలు తీయాలి. సెల్‌ఫోన్ కెమెరా చాలు. చుట్టూ తిరిగి, ఒకదాని మీద ఒకటి కలిసేలా యాభై అరవై ఫోటోలు తీస్తే, వాటి నుంచి కంప్యూటరులో రాతి త్రిమితీయ రూపం కూర్చవచ్చు. తర్వాత దాని మీద కావలసిన వైపు నుంచి వెలుగు వేసి చదువుకోవచ్చు. ఫోటోలతో పాటు రాతి ఎత్తు, వెడల్పు, మందం, అది ఏ దిక్కుకు తిరిగి ఉందో, చెక్కిన మాటలు స్పెల్లింగ్ తప్పులతో సహా ఉన్నవి ఉన్నట్టుగా, పరిశీలించిన తేదీతో రాసి ఒక ప్రతి చర్చి కార్యాలయంలోనో, ఆ సమాధుల తోట చూసేవారి దగ్గరో ఉంచాలి. పదేళ్ళ తర్వాత అదే చోట నిలబడి, అదే కోణంలో మరో ఫోటో తీస్తే ఈ మధ్యలో ఎంత పోయిందో తెలుస్తుంది.